చివరగా తాగిన కప్పు

ఎనిమిది కార్లకే పాసులు ఇచ్చారు. శవపేటిక ఉన్న బండిని కూడా ఆ ఎనిమిదిలోనే కలిపేశారు.

"అది కారు కాదు కదా రూఫస్," అంది లవీనియా కిటికీ అద్దం దించి. "అందులో పడుకున్నది మన అన్న. ఆయనక్కూడా పాసు కావాలా?"

రూఫస్ ఆమె పిన్ని కొడుకు. లారెల్ టైడ్ ప్లాంటేషన్ అనే విల్లాల కాలనీ గేటు దగ్గర పదకొండేళ్ళుగా కాపలా పని చేస్తున్నాడు. యూనిఫాం టోపీ తీసి చంకలో పెట్టుకుని, కారు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు.

"నన్ను చంపకు అక్కా. కాగితం మీద ఎనిమిదని రాసుంది. పైన కెమెరా చూస్తావుంది. తొమ్మిదోది వదిలానంటే సాయంత్రానికి ఈ టోపీ ఇంకొకడి నెత్తి మీద ఉంటది."

"అన్నని పూడ్చడానికి నువ్వు రావా మరి?"

"డ్యూటీ కదా," అన్నాడు. ఆ మాట అంటూ ఆమె వైపు చూడలేదు.

వెనక వరసలో ఆగిపోయిన కార్లలోంచి చర్చివాళ్ళు ఒక్కొక్కరే దిగి, ముందు కార్లలో ఇరుక్కున్నారు. సిస్టర్ ఎస్టెల్‌ది పెద్ద శరీరం. ఎక్కడా చోటు లేక ముసలి డీకన్ ఒళ్ళో కూర్చుంది.

"అమోస్ బతికుండగా నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుంటానని ఎన్నిసార్లన్నాడో," అంది గట్టిగా. "ఇవాళ ఆయన సాగనంపుడికి ఈ ఎముకల మీద కూర్చోవాల్సొచ్చింది. కదలకు డీకన్, నాకు గుచ్చుకుంటన్నాయి."

కారులో అందరూ నవ్వారు. లవీనియా కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఇనప కడ్డీ పైకి లేచింది. ఎనిమిది కార్లూ నెమ్మదిగా లోపలికి కదిలాయి. తెల్లటి గోడ మీద 'ప్లాంటేషన్' అన్న మాట బంగారు అక్షరాల్లో మెరుస్తోంది. తనవాళ్ళు బానిసలుగా చాకిరీ చేసిన నేల కాబట్టి లవీనియా నానమ్మ ఆ మాటను ఎప్పుడూ నోటితో అనలేదు. 'ఆ చోటు' అనేది.

కుసాబో దీవిలో లవీనియా ఇంటివాళ్ళైన మంగిన్ల సమాధులు ఉప్పుటేరు ఒడ్డున ఉన్నాయి. పూర్వం ఎవరు పోయినా నీటి పక్కనే పూడ్చేవారు. పూర్వీకులను ఓడల్లో తెచ్చిన నీటిదారినే ఆత్మ ఆఫ్రికాలోని ఇంటికి వెళ్ళిపోతుందని నమ్మకం. ఇప్పుడు ఆ ఒడ్డుకూ సమాధులకూ మధ్య గోల్ఫ్ మైదానం పధ్నాలుగో గుంట వచ్చింది. పదిన్నరకల్లా ముగించాలని కాగితంలో ఉంది. పాస్టర్ ప్రార్థన కుదించాడు. ఎస్టెల్ మనవరాలిని, పదినెలల పిల్లని, శవపేటిక మీదుగా ఇటువైపు నుంచి అటువైపుకు అందించారు, పోయినవాడు పసిదాన్ని కలల్లో వేధించకుండా ఉండాలని.

మన్ను కప్పాక లవీనియా సంచీ విప్పి, అన్న వస్తువులు ఒక్కొక్కటే సమాధి మీద పెట్టింది. అమోస్ వల అల్లే చెక్కసూది. అరవై ఏళ్ళు అతని వేళ్ళ మధ్య ఆడి నున్నగా అరిగిపోయింది. కళ్ళద్దాలు. మంచం పక్కనుండే గడియారం. నాలుగూ పదికి అతను కన్ను మూశాడు, అప్పుడే దాన్ని ఆపేసింది. అన్నిటికంటే చివర కప్పు తీసింది. గోధుమరంగు మందపాటి మట్టి కప్పు. పిడి దగ్గర చెయ్యి తగిలి తగిలి నల్లబడింది. ఆ రోజు మధ్యాహ్నం అందులోనే ఆమె అతనికి కాఫీ ఇచ్చింది. రెండు గుక్కలు తాగి, "చక్కెర మర్చిపోయావే," అన్నాడు. అదే చివరి మాట. ఆమె మర్చిపోలేదు. అతనికే రుచి తెలియలేదు.

చేతికి దొరికిన రాయితో కప్పు అంచు మీద ఒక్క దెబ్బ కొట్టింది. అంచు పెచ్చు ఊడింది. ఈ ఇంట్లో చావుల గొలుసు ఇక్కడే తెగిపోవాలని అలా పగలగొడతారు. తలవైపు మన్నులో కప్పును బోర్లా గుచ్చింది.

సరిగ్గా అప్పుడే తెల్లని బంతి ఒకటి ఎగిరొచ్చి ఆమె తాత సమాధి పక్కన పడింది. కాసేపటికి గులాబీరంగు చొక్కా వేసుకున్నాయన కంచె దాకా వచ్చాడు. వీళ్ళను చూసి టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. చాలా మర్యాదస్తుడు. కీర్తన పూర్తయ్యేదాకా అలాగే నిలబడ్డాడు.

"మీకు అభ్యంతరం లేకపోతే," అన్నాడు తర్వాత, "నా బంతి తీసుకోవచ్చా?"

డీకన్ వంగి తీసి ఇచ్చాడు.

మర్నాడే లవీనియా పనిలోకి వచ్చింది. లారెల్ టైడ్ విల్లాల్లో పడకలు వేయడం ఆమె పని. ముప్ఫై ఏళ్ళ నుంచీ చేస్తోంది. మెడలో ఫోటో ఉన్న బ్యాడ్జి ఉంటుంది. అది చూపిస్తే నౌకర్ల గేటు తెరుచుకుంటుంది. మధ్యాహ్నం భోజనం వేళ అరగంట దొరికితే తన వాళ్ళ సమాధుల దగ్గరికి వెళ్ళి ఆకులు ఏరి వచ్చేది. బయట ఉన్న మంగిన్లకు ఆ వీలు లేదు. లోపల ఇల్లున్న వాళ్ళెవరో ఫోన్ చేసి చెబితే తప్ప గేటు తెరవరు.

పాత దుప్పటి లాగి పడేసి, కొత్తది గాల్లోకి విసిరి, అది పడేలోపే మూలలు మడిచేది. దిండును గడ్డం కింద నొక్కిపట్టి గలీబు ఎక్కించేది. ఆ రోజు బాత్‌టబ్బులో అతిథులు వదిలిన సముద్రపు ఇసుకను అరచేత్తో కుప్ప చేస్తుండగా గుమ్మంలో చప్పుడైంది.

మిసెస్ హాలోవే. లారెల్ టైడ్ వారసత్వ సంఘానికి అధ్యక్షురాలు. పన్నెండేళ్ళ కిందట ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కొనుక్కుంది. మంచి మనిషే. క్రిస్మస్‌కి పనివాళ్ళందరికీ పేరుపేరునా కార్డు రాస్తుంది.

"లవీనియా, మీ అన్న సంగతి విన్నాను. ఎంత బాధగా ఉందో చెప్పలేను." ఆమె చెయ్యి లవీనియా తడి చేతి మీద పడింది. "ఇలాంటప్పుడు అడగకూడదు. కానీ శనివారం శ్మశానం దగ్గర స్మారక ఫలకం ఆవిష్కరిస్తున్నాం. రాజధాని నుంచి పెద్దవాళ్ళు కూడా వస్తున్నారు. మీ వాళ్ళ తరఫున నువ్వు రెండు నిమిషాలు మాట్లాడితే బాగుంటుంది."

"నాకు మాట్లాడ్డం రాదు మేడమ్."

"నీకు తోచింది చెప్పు చాలు. ఫలకం మీద ఏముంటుందో చూస్తావా?"

ఫోన్‌లో చూపించింది. లవీనియా చెయ్యి ఏప్రన్‌కి తుడుచుకుని, తలుపు దగ్గర వెలుగులోకి వెళ్ళి పెదాలు కదుపుతూ చదువుకుంది. సౌత్ కరొలైనా తీరంలో స్వేచ్ఛ పొందిన బానిసల సంతతి, వరి పండించిన చేతులు, మంగిన్, బ్లైజెన్ కుటుంబాలు. ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. 'మరణించినవారు చివరిసారి వాడిన వస్తువులను సమాధిపై ఉంచడం ఈ ప్రజల అపురూపమైన ఆచారం.'

"మంగిన్ అని సరిగ్గానే రాశారే," అంది.

"రాయమా మరి!"

ఆ రోజు మిగతా పడకలు చేస్తున్నంతసేపూ ఆమె నోటిలో మాటలు కూడుతూనే ఉన్నాయి. అమోస్ గురించి చెప్పాలి. ఈ దీవిలో చేత్తో విసురువల అల్లడం వచ్చినవాళ్ళలో అతనే ఆఖరువాడని చెప్పాలి. వల విసిరితే నీళ్ళ మీద పళ్ళెంలా గుండ్రంగా పరుచుకునేదని చెప్పాలి. ఇనుములో పోసిన అక్షరాలు మాసిపోవు. ముప్ఫై ఏళ్ళలో ఈ గోడల మధ్య తన ఇంటిపేరు ఎక్కడా రాసి ఉండగా చూడలేదు ఆమె, బ్యాడ్జి మీద తప్ప.

ఇంటికెళ్ళి నల్లగౌను ఇస్త్రీ చేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం అరగంట దొరికింది. రొట్టెముక్క నములుతూ సమాధుల దారి పట్టింది. ఓక్ చెట్లు దాటగానే నమలడం ఆపేసింది.

నేలంతా శుభ్రంగా దువ్వినట్టుంది. ఎర్రటి పైన్ ఆకులు సమంగా పరిచారు. అంచుల్లో గడ్డి తాడు పట్టి కోసినట్టుంది. నానమ్మ తలదగ్గరుండే దీపపు బుడ్డి లేదు. తాత పళ్ళెం లేదు. చిన్నత్త మందుసీసాలు లేవు. అమోస్ మీది మన్ను చదును చేసి, దానిమీద కూడా పైన్ ఆకులు చల్లారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఆకులు పక్కకు నెట్టింది. సూది లేదు. గడియారం లేదు. కప్పు గుచ్చిన చోట వేలు పట్టేంత గుంట కూడా మిగల్చలేదు.

తోటపనివాళ్ళ షెడ్డు దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. మేస్త్రీ కర్టిస్ గడ్డికోసే యంత్రం బ్లేడుకి పదును పెడుతున్నాడు.

"సమాధుల మీదివి ఎక్కడ పెట్టారు?"

"ఏవి?"

"కప్పులు. పళ్ళేలు. గడియారం."

కర్టిస్ ఆకురాయి కింద పెట్టాడు. "అదంతా పగిలిపోయిన చెత్త కదమ్మా. ఒక్కటైనా బాగున్నది లేదు. గడియారం కూడా ఆగిపోయిందే. శనివారానికి ఆ చోటు అద్దంలా ఉండాలన్నారు. నేను నా మనుషులకి చెప్పాను."

"మేం కావాలనే పగలగొడతాం."

అతను ఆమె మొహంలోకి చూశాడు. "నాకెవరూ చెప్పలేదు," అన్నాడు నెమ్మదిగా. "నిన్న పొద్దున్నే చెత్తబండి వంతెన దాటి వెళ్ళిపోయింది. ఈపాటికి అవతల గుట్టలో మన్ను కప్పేసుంటారు. తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాదమ్మా. మా అమ్మ మీద ఒట్టు."

అబద్ధమని ఆమెకు అనిపించలేదు. తిట్టడానికి కూడా మనిషి దొరకలేదు.

సాయంత్రం రూఫస్ ఆమె వంటింట్లో కూర్చుని, టమాటాలతో వండి పెట్టిన ఎర్రన్నం కెలుకుతూ ఉండిపోయాడు.

"అక్కా, నీ రెండు నిమిషాలు మాట్లాడేసి కూర్చో. చెత్త సంగతి ఎత్తకు."

"చెత్తా?"

"అంటే… వాళ్ళ మాటే అన్నాను."

"పదకొండేళ్ళు ఆ గేటు దగ్గర నిలబడి వాళ్ళ మాటే నీ నోటికొస్తంది."

"నువ్వు ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళ పక్కలు దులుపుతున్నావు కదా! నీకూ నాకూ తేడా ఏంది?" చెంచా బల్ల మీద పడేశాడు. వెంటనే తీసి తుడిచి యథాస్థానంలో పెట్టాడు. "ఆ రోజు గేటు దగ్గర ఎట్టా నిలబడ్డానో నాకు తెలుసు. కార్లన్నీ లోపలికెళ్ళాక ఆ గదిలో కూర్చుని ఏడ్చాను. కెమెరాలో అదీ పడుంటది."

లవీనియా ఇంకో గరిటె అన్నం అతని పళ్ళెంలో వేసింది.

శనివారం ఉప్పుటేటి ఒడ్డున తెల్ల గుడారం వేశారు. నూరు కుర్చీలు, తెల్లగుడ్డ కప్పిన బల్ల, నిమ్మరసం జాడీలు. ఫలకం మీద నీలం గుడ్డ. లారెల్ టైడ్ మేనేజరు మిస్టర్ వెస్కాట్ ముందు వరసలో రాజధాని నుంచి వచ్చినవాళ్ళ పక్కన కూర్చున్నాడు. చర్చివాళ్ళకు నాలుగు కార్ల పాసులు వచ్చాయి. ఎస్టెల్, పాస్టర్, డీకన్ చివరి వరసలో సర్దుకున్నారు.

లవీనియా సమాధులవైపు చూసి అడుగు ముందుకు వేయలేకపోయింది.

ప్రతి సమాధి మీదా సామాన్లున్నాయి. నీలం సీసాలు, పూలబొమ్మల పళ్ళేలు, బంగారు అంచుల కప్పులు, పెద్ద పెద్ద గవ్వలు, చక్కగా అమర్చి ఉన్నాయి. అమోస్ మీద తెల్ల పింగాణీ కప్పు, సాసరు. ఒక్కదానికీ పగులు లేదు.

"ఎలా ఉంది?" మిసెస్ హాలోవే ఆమె మోచెయ్యి పట్టుకుంది. కళ్ళు మెరుస్తున్నాయి. "నిన్న సాయంత్రం వచ్చి చూస్తే ఇక్కడ ఒక్క వస్తువూ లేదు. ఫలకంలో రాశాం కదా, ఫోటోలు తీస్తారు కదా! నేనూ మా సంఘంవాళ్ళూ పాతసామాన్ల కొట్లన్నీ తిరిగాం. ఆ కాలానికి సరిపోయేవే ఏరి తెచ్చాం."

"ఎవరివి ఇవి?"

"అంటే?"

"వీటిలో ఎవరు తాగారు?"

మిసెస్ హాలోవే చిరునవ్వు అలాగే ఉండిపోయింది. "ఎవరో… పాతకాలం వాళ్ళు," అంది. అంతలో ఆమెను ఎవరో పిలిచారు.

ఉపన్యాసాలు సాగాయి. వారసత్వం మన రాష్ట్రపు ఆత్మ అన్నారు. నీలం గుడ్డ లాగారు. ఇనుప అక్షరాలు ఎండలో మెరిశాయి. లవీనియా మంగిన్ అని పిలిచారు.

ఆమె మైకు దాకా వెళ్ళలేదు. కుర్చీలకూ సమాధులకూ మధ్య నిలబడింది. మూడు రోజులుగా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"మా అన్న అమోస్ మంగళవారం ఇక్కడికొచ్చాడు," అంది మామూలు గొంతుతో. "ఆయన కప్పు నేనే పెట్టాను. గురువారం మీ చెత్తబండిలో పోయింది. మా నానమ్మ బుడ్డి, మా తాత పళ్ళెం, అన్నీ పోయినయి. ఇక్కడ పెట్టినవాటితో మావాళ్ళకి సంబంధం లేదు. ఎవరో తాగినవి తెచ్చి మా చచ్చిపోయినవాళ్ళ నెత్తిన పెట్టారు. నేనొప్పుకోను."

వెళ్ళి అమోస్ మీది కప్పూ సాసరూ తీసింది. ఏప్రన్ లేదు కాబట్టి గౌను అంచుతో మన్ను తుడిచింది. రెండు చేతులతో పట్టుకుని నిమ్మరసం బల్ల దాకా నడిచి, జాడీ పక్కన పెట్టింది. మళ్ళీ వెళ్ళింది. నానమ్మ మీది పళ్ళెం తెచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఎవరూ కదల్లేదు. గడ్డి మీద ఆమె బూట్ల చప్పుడు వినిపించింది. చివరి వరసలోంచి ఎస్టెల్ లేచి వచ్చి, నీలం సీసాలు ఎత్తసాగింది. ఇద్దరూ కలిసి పదకొండు సమాధులూ ఖాళీ చేశారు.

"ఇవి మీవి," అంది లవీనియా చివరికి. "మీరే తాగండి."

రాజధాని నుంచి వచ్చినాయన మెడ ఎర్రబడింది. మిసెస్ హాలోవే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వెస్కాట్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

మొదట అతనొక్కడే. తర్వాత ముందు వరస. వెనక కూర్చున్న అతిథులకు ఆమె మాటలు సగం వినపడలేదు. వాళ్ళు చూసింది ఒక్కటే, నల్లగౌనులో ఒక ముసలామె సమాధుల మీది పాత్రలను భక్తిగా మోసుకెళ్ళడం. వాళ్ళంతా లేచి నిలబడ్డారు. గడ్డిటోపీ పెట్టుకున్న ఒకామె కళ్ళొత్తుకుంటూ వచ్చి, ఆ తెల్ల పింగాణీ కప్పులోనే నిమ్మరసం పోసుకుని, చర్చిలో ప్రభువు బల్ల దగ్గర పుచ్చుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని తాగింది.

"ధన్యవాదాలు," అంది లవీనియాతో. "దీన్ని నేను ఎన్నటికీ మర్చిపోను."

ఎస్టెల్ ఆమెకేసి, లవీనియాకేసి చూసింది. "పోదాం పద," అంది.

సోమవారం పదకొండింటికి, విల్లాలో పడక సగం వేసి ఉండగా వెస్కాట్ రమ్మన్నాడని కబురొచ్చింది. పని ఊడిందనే అనుకుంది లవీనియా. దారి పొడుగునా దానికే మనసు గట్టి చేసుకుంది. సూపర్‌వైజరు డెనిస్ ఆఫీసు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

వెస్కాట్ లేచి కుర్చీ చూపించాడు.

"ముందు క్షమాపణ. ఆ వస్తువుల విషయంలో పొరపాటు జరిగింది. ఇకమీదట తోటవాళ్ళకి రాతపూర్వకంగా చెబుతాం." కాగితాలు సర్దాడు. "రెండోది… శనివారం మీరు చేసింది. అప్పటినుంచీ నాకు మెయిళ్ళు ఆగడం లేదు. ఇక్కడికొచ్చాక ఇంత నిజమైనది చూడలేదని రాశారు ఒకాయన."

ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. వేళ్ళ సందుల్లో సబ్బు ఆరిపోయి తెల్లగా ఉంది.

"నెలకో శనివారం అతిథులను అక్కడికి తీసుకెళ్దామనుకుంటున్నాం. మీరు ఆ రోజు పడకలు చెయ్యక్కర్లేదు. సరిగ్గా మొన్న చేసినట్టే చేస్తే చాలు. నడక, ఆ కప్పులు తీసుకురావడం, బల్ల మీద పెట్టడం. మాటలు కొంచెం తగ్గిద్దాం. ఆ చెత్తబండి సంగతి అవసరం లేదు."

లవీనియా వేళ్ళ మధ్య సబ్బును ఏప్రన్‌కి తుడుచుకుంది.

"కప్పులు నేను తెచ్చుకోవాలా, మీరిస్తారా?"

"మేమే ఏర్పాటు చేస్తాం," అన్నాడు వెస్కాట్, బరువు దిగినట్టు.

ఆమె లేచింది. మెడలోంచి బ్యాడ్జి తీసింది. తాడు జుట్టులో చిక్కుకుంటే నిదానంగా విడదీసుకుంది. బ్యాడ్జిని బల్ల మీద బోర్లా పెట్టింది. బయటికి వస్తుంటే డెనిస్ చెయ్యి పట్టుకుంది.

"వీనీ, ఆలోచించావా? అది లేకపోతే నీకు గేటు తియ్యరు. మీ వాళ్ళ దగ్గరికి ఎట్టా వస్తావు?"

"ఆలోచించాను."

"మరి?"

ఆమె విల్లాకు తిరిగి వెళ్ళింది. సగం వేసిన పడక అలాగే ఉంది. దుప్పటి లాగి మూలలు మడిచింది. దిండ్లు నిలబెట్టింది. అరచేత్తో ఒక్కసారి ముడత సరిచేసి తలుపు దగ్గరికి వేసి వచ్చేసింది.

ఆదివారం చర్చి అయ్యాక కారు తీసింది. గేటు దగ్గర అతిథుల వరసలో ఆమె ముందు నాలుగు బండ్లున్నాయి. ఆదివారాలు రూఫస్‌కి సెలవు. కాపలా గదిలో ఎవరో కొత్తమ్మాయి ఉంది.

"నమస్తే మేడమ్. ఎవరింటికండీ?"

"మా అన్న దగ్గరికి."

"ఆయన మీ పేరు చెప్పి ఉంచారా?"

"లేదు."

"పర్లేదు, ఫోన్ చేసి కనుక్కుంటాను. ఆయన పేరు?"

"అమోస్ మంగిన్."

ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. మళ్ళీ వెతికింది. "ఈ పేరుతో ఇక్కడ ఎవరూ ఉండట్లేదండీ."

"ఉన్నాడు. ఉప్పుటేటి పక్కన. పధ్నాలుగో గుంట దగ్గర."

"ఆ వైపు ఇళ్ళన్నీ చూశానండీ. అక్షరాలు సరిగ్గా కొట్టానో లేదో. కొంచెం చెబుతారా?"

"ఎమ్," అంది లవీనియా. "యూ. ఎన్. జీ. ఐ. ఎన్."

అమ్మాయి ఒక్కో అక్షరం నొక్కి తల అడ్డంగా ఊపింది. వెనక బండివాడు హారన్ కొట్టాడు. దాని వెనక ఇంకొకడు కొట్టాడు.

"లిస్టులో లేదు మేడమ్. కొంచెం పక్కకి తీస్తారా?"

లవీనియా ఇంజను ఆపేసింది. తాళం చెవి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకోసారి కొట్టమ్మా," అంది. "ఎమ్."